కీన్సు ప్రభువు

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి యను ప్రాచీన విద్యానగరము కలదు. అచట 1883వ సంవత్సరము జూన్ 5వ తేదీన జాన్ మేనార్డ్ కీన్సు జన్మించెను. తండ్రి నెవిల్ కీన్సు తర్కశాస్త్రమునందును, అర్థశాస్త్రమునందును పండితుడు. ఆ విశ్వవిద్యాలయముననే అధ్యాపకుడుగా నుండెను. తల్లి ఫ్లోరెన్సు విద్యావతి, పరోపకారశీల. ఆమె పేదల బాగునకై చిరకాలము పాటుపడి, 1932లో ఆ నగరమునకు మేయరు పదవి నలంకరించెను. ఆ దంపతుల మువ్వురు బిడ్డలలో కీన్సు జ్యేష్ఠుడు.

బాలుడైన కీన్సు శరీరము అంత దృఢమైనది కాదు. బుద్ధి మాత్రము మిక్కిలి చురుకైనది. 1897లో విద్యార్థివేతనము సంపాదించుకొని ఈటన్ పాఠశాలలో ప్రవేశించెను. 1902లో కేంబ్రిడ్జికి మరలివచ్చి, కింగ్సు కళాశాలలో గణితము నభ్యసించెను. పిమ్మట మార్షల్ అను ప్రసిద్ధాచార్యుని యొద్ద కొలదికాలము అర్థశాస్త్రము చదివెను. 1906లో ప్రభుత్వోద్యోగ పరీక్షకు కూర్చుండి ద్వితీయ స్థానమున ఉత్తీర్ణుడయ్యెను. ప్రథమ స్థానము పొందినవాడు కోశాగార శాఖను కోరుకొనుటచే, కీన్సునకు లండనులోని ఇండియా కార్యాలయమున ఉద్యోగము లభించెను. అచట ఆయనకు అప్పగింపబడిన మొదటి పని పది ఆబోతులను ఓడలో బొంబాయికి పంపించుట. ఆ కొలువు ఆయనకు రుచింపలేదు. రెండేండ్లలో దానిని వీడి, కేంబ్రిడ్జిలో అధ్యాపకుడయ్యెను. అయినను ఆ రెండేండ్ల శ్రమ వ్యర్థము కాలేదు. కీన్సు భారతదేశమున నెన్నడును అడుగుపెట్టలేదు గాని, మన రూపాయిని గూర్చియు, ద్రవ్యవిధానమును గూర్చియు 1913లో ఒక గ్రంథము వెలువరించెను. ఆయన రచించిన మొదటి గ్రంథ మదియే.

1914లో మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. మరుసటి సంవత్సరము కీన్సు కోశాగార శాఖలో చేరెను. యుద్ధమున సైనికులకు ఆయుధములెంత అవసరమో ప్రభుత్వములకు ధనమంత అవసరము. రాబడికంటె వ్యయము మించినపుడు ఏర్పడు వెలితిని లోటు అందురు. యుద్ధకాలమున ప్రతి రాజ్యమునకును లోటు ఏర్పడెను. ఆ లోటును పూడ్చుటకు ఫ్రాన్సు, ఇటలీ, రష్యా దేశములు ఇంగ్లండునొద్ద అప్పు చేసెను; ఇంగ్లండు అమెరికానొద్ద అప్పు చేసెను. యుద్ధము ముగియునాటికి ఇంగ్లండు జాతీయ ఋణము పదిరెట్లకు మించి పెరిగెను. ఈ అప్పుల లెక్కలను చూచు బాధ్యత కీన్సుపై పడెను. ఒక దేశపు అప్పు గొలుసులోని కడియమువలె మరియొక దేశపు అప్పుతో పెనవైచుకొని యుండుట ఆయన నిత్యము కన్నులార చూచెను.

1919లో పారిసు నగరమున సంధి సభ జరిగెను. అమెరికా అధ్యక్షుడు విల్సను, ఇంగ్లండు ప్రధాని లాయిడ్ జార్జి, ఫ్రాన్సు ప్రధాని క్లెమెన్సో అచట ప్రముఖులు. కీన్సు ఇంగ్లండు కోశాగారపు ప్రతినిధిగా వెళ్లెను. యుద్ధనష్టమంతయు జర్మనీనుండి రాబట్టవలయునని విజేతలు పట్టుపట్టిరి. వారి కోపము అకారణమైనది కాదు. ఫ్రాన్సు ఉత్తరభాగము నేలమట్టమై యుండెను. లక్షల కుటుంబములు బిడ్డలను కోల్పోయెను. అయినను కీన్సు వేరొక ప్రశ్న వేసెను. జర్మనీ ఎంత ఇయ్యవలయునని గాక, ఎంత ఇయ్యగలదని ఆయన లెక్కించెను. తమ సరకులను పరదేశములకు విక్రయించినగాని జర్మనులకు ధనము రాదు. వారి గనులను, ఓడలను లాగుకొని, వారి సరకులను కొనక, పరిహారము మాత్రము తెమ్మనుట పాడియావును కట్టివైచి మేపకయే పాలు పితుకుట వంటిది.

కావున కీన్సు ఒక ఉపాయము నాలోచించెను. జర్మనీ వ్రాసియిచ్చు ఋణపత్రములకు విజేతలందరును కలిసి పూచీపడవలయును. ఆ పత్రములతో ఐరోపా దేశములు తమ అప్పులను తీర్చుకొని, పరిశ్రమలను తిరిగి నిలుపుకొనవలయును. విజేతల నడుమ నున్న యుద్ధ ఋణములను రద్దుచేయవలయుననియు ఆయన కోరెను. పూచీ భారము ముఖ్యముగా తమపై పడునని తలచి అమెరికా వారు సమ్మతింపలేదు. అప్పులను వదలుకొనుటకును వారు అంగీకరింపలేదు. తమకు అప్పు తీర్చవలసినవారై ఫ్రెంచివారును, ఆంగ్లేయులును జర్మనీపై మరింత బిగించిరి. కీన్సు మనసు విరిగి, జూన్ మాసమున ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. ఆ వేసవిలో పల్లెయింట కూర్చుండి సంధి దోషములను వెల్లడించు గ్రంథమును రచించెను. డిసెంబరులో అది వెలువడగానే ఆయన పేరు లోకమంతటను మ్రోగెను.

జర్మనీ 200 కోట్ల పౌనులకు మించి ఇయ్యజాలదని కీన్సు అంచనా. 1921లో విజేతలు నిర్ణయించిన మొత్తము 13,200 కోట్ల బంగారు మార్కులు. అనగా సుమారు 660 కోట్ల పౌనులు. జర్మనీ వాయిదా తప్పెను. 1923 జనవరిలో ఫ్రాన్సు, బెల్జియము సేనలు ఇంగ్లండు సమ్మతి లేకయే రూరు ప్రాంతపు గనులను ఆక్రమించెను. అచటి కార్మికులు పనులు మానిరి. వారికి జీతములిచ్చుటకు జర్మను ప్రభుత్వమునొద్ద ధనము లేదు. అదివరకే లోటును నోట్లతో పూడ్చుచున్న ఆ ప్రభుత్వము ఇపుడు రేయింబవళ్లు నోట్లు అచ్చువేయించెను. ఆ సంవత్సరము నవంబరునాటికి ఒక్క డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు ఇయ్యవలసి వచ్చెను. జీవితమంతయు కూడబెట్టుకొనిన సొమ్ము రొట్టెముక్కకైనను చాలకపోయెను. ఆక్రమించినవారికిని ఆశించిన లాభము కలుగలేదు. కడకు 1924లో పలుదేశముల నిపుణులు సమావేశమై, వాయిదాలను తగ్గించి, జర్మనీకి అప్పు ఇప్పించిరి. సేనలు వెడలిపోయెను. అయిదేండ్ల క్రిందట చేసియుండవలసిన పని సర్వనాశనము జరిగిన పిమ్మట కొంతమేర జరిగెను.

1925లో కీన్సు లిడియా లోపొకోవా యను రష్యా నర్తకిని పెండ్లియాడెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండు కోశాగారమంత్రి చర్చిలు, పౌనును యుద్ధపూర్వపు వెలకే బంగారముతో ముడివేసెను. పౌనునకు 4.86 డాలర్లు పలుకునట్లు ఏర్పాటు చేయబడెను. దానివలన ఆంగ్లేయుల సరకులు పరదేశములలో ప్రియమగుననియు, యజమానులు కూలి తగ్గింప జూతురనియు కీన్సు హెచ్చరించెను. ఆయన చెప్పినట్లే బొగ్గుగనుల యజమానులు కూలి తగ్గింపబూనిరి. 1926లో దేశమంతట సమ్మె జరిగెను.

1929లో అమెరికాలో వాణిజ్య సంక్షోభము పుట్టి లోకమంతట వ్యాపించెను. 1930లో అమెరికా తన పరిశ్రమల రక్షణకై దిగుమతి సుంకములను పెంచెను. ఇతర దేశములును తమ తమ సుంకములను పెంచెను. ప్రతి దేశమును తలుపు మూసికొని తాను బ్రతుకజూచెను. తత్ఫలముగా నాలుగేండ్లలో ప్రపంచ వాణిజ్యము విలువలో మూడవవంతునకు దిగజారెను. ఇంగ్లండున సుమారు 30 లక్షల మంది పనిలేనివారైరి.

పన్నుల రాబడి తగ్గుటచే ఇంగ్లండు ప్రభుత్వమునకు లోటు పెరిగెను. 1931లో ఒక సంఘము ఆ లోటు 12 కోట్ల పౌనులని అంచనావేసి, నిరుద్యోగుల భృతిని తగ్గింపవలయునని సిఫారసు చేసెను. ఆ తగవులో మంత్రివర్గము కూలిపోయెను. సెప్టెంబరు 21వ తేదీన పౌనునకు బంగారముతో గల ముడియు విడిపోయెను. భృతి తగ్గింపును కీన్సు తీవ్రముగా నిరసించెను. ఒక గ్రామమునందు గృహస్థులందరును ఒకేసారి పొదుపు మొదలిడి బట్టలు కొనుట మానినచో సాలెవాని మగ్గము ఆగిపోవును. సాలెవాడు ధాన్యము కొనడు. అపుడు రైతు నష్టపడును. రైతు మరింత పొదుపు చేయును. ఒక యింటికి మేలైన పొదుపు అందరును ఒక్కసారి చేసినచో ఊరికి చేటగును. అట్టి వేళ ప్రభుత్వము అప్పుచేసియైనను బాటలు, ఇండ్లు కట్టించి జనులకు పని కల్పింపవలయును. వారు సంపాదించి కొనుటచే పరిశ్రమలు తిరిగి నడచును, పన్నులు తిరిగి వచ్చును. ఇది కీన్సు వాదము. ఈ సిద్ధాంతమును శాస్త్రరీతిని నిరూపించుచు 1936లో ఆయన తన ప్రధాన గ్రంథమును ప్రకటించెను.

కీన్సు సర్వకాలములందును లోకసహకారమునే కోరి, ఒంటరి చర్యను నిందించెనని తలచుట పొరపాటు. 1931 మార్చిలో తన దేశము సుంకములు విధింపవలయునని ఆయనయే సలహా ఇచ్చెను. బంగారపు ముడి విడిపోయిన పిమ్మట ఆ అవసరము తీరినదని చెప్పి సలహాను వెనుకకు తీసికొనెను. 1933లో 66 దేశముల ప్రతినిధులు లండనున సమావేశమైరి. నాణెముల మారకపు వెలలను స్థిరపరుపవలయునని కొందరు కోరగా, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు తన దేశపు కష్టములు తీరువరకు అట్టి బంధమున కంగీకరింపనని వర్తమానము పంపెను. సభ భగ్నమయ్యెను. పెక్కుమంది రూజ్‌వెల్టును దూషించిరి. కీన్సు ఆయనను మెచ్చుకొనెను. పనిలేని కోట్ల ప్రజలను మరచి, పాత బంగారపు సంకెలను తిరిగి తగిలించుటకై చేయు ఐకమత్యము ఐకమత్యము కాదని ఆయన భావము. దేశములన్నియు ఒక్కటిగా వ్యయము పెంచి, ఒక్కటిగా జనులకు పని కల్పింపవలయునని కీన్సు ఆ సభకు ముందే ఒక పథకము ప్రకటించియుండెను. దాని నెవ్వరును చేపట్టలేదు. ఒంటరిగా నడచుట దేశమునకు ఊపిరి తీసికొను వ్యవధి నిచ్చును గాని, అందరికిని దారి చూపదని ఆ దశాబ్దము తేటపరచెను. తలుపులు మూసికొనిన దేశములు కడకు తుపాకులు ధరించెను.

1937లో కీన్సునకు హృద్రోగము సంక్రమించెను. నాటినుండి భార్య లిడియా ఆయనను కంటికి రెప్పవలె కాపాడెను. 1939లో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమైనపుడు ఆయనకు విశ్రాంతియే తగియుండెను. అయినను 1940లో జీతము లేకయే కోశాగార శాఖలో తిరిగి ప్రవేశించెను. అపుడాయన ఇచ్చిన సలహా పెక్కుమందికి ఆశ్చర్యము కలిగించెను. అప్పుచేసియైనను వ్యయము చేయుమని చెప్పినవాడు, ఇపుడు ప్రజలు వ్యయము తగ్గింపవలయుననియు, కూలిలో కొంతభాగమును యుద్ధానంతరము వరకు నిలువ చేయవలయుననియు కోరెను. ఇందు మాటతప్పుట లేదు. చేతులు పనిలేక యున్నపుడు ప్రభుత్వము వ్యయము పెంచవలయును. చేతులన్నియు పనిలో నుండి సరకులు చాలనపుడు వ్యయము తగ్గింపవలయును. వర్షములు లేని యేట విత్తనములకై అప్పుచేసిన రైతు, పంట పండిన యేట ఆ యప్పు తీర్చుకొనుట ధర్మము. కీన్సు బోధలోని మొదటి సగమును మాత్రము జ్ఞాపకముంచుకొని, రెండవ సగమును మరచిన ప్రభుత్వములు పెక్కు కలవు.

1941లో కీన్సు యుద్ధానంతర లోకమునకై ఒక పథకము నిర్మించెను. దేశములన్నిటికిని కలిపి ఒక లెక్కల నిలయము ఉండవలయును. అందులో బాంకార్ అను నూతన ద్రవ్యముతో జమాఖర్చులు వ్రాయబడవలయును. మితిమీరి అప్పుపడిన దేశము వడ్డీ చెల్లింపవలయును. మితిమీరి కూడబెట్టిన దేశమును కొంత చెల్లింపవలయును. ఒకరి లోటు మరియొకరి మిగులు గాన, సరిదిద్దుకొను భారము ఋణదాతపైనను ఉండవలయునని దాని సారాంశము. పారిసు నాటి గాయము కీన్సు మనసున మాసిపోలేదని దీనివలన తెలియుచున్నది. అపుడు అమెరికా లోకమునకెల్ల ఋణదాత. ఆ దేశపు నిపుణుడు హారీ వైటు వేరొక పథకమును సిద్ధపరచియుండెను. రెండేండ్లు చర్చలు సాగెను.

1944 జూలై 1వ తేదీన అమెరికాలోని బ్రెట్టన్ వుడ్సు అను కొండప్రాంతమున 44 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. బాంకు నిర్మాణమును గూర్చి చర్చించు విభాగమునకు కీన్సు అధ్యక్షత వహించెను. రాత్రింబవళ్లు పనిచేయుటచే సభ ముగియు దినములలో ఆయనకు గుండెనొప్పి వచ్చెను. తుదకు అంతర్జాతీయ ద్రవ్యనిధియు, ప్రపంచబాంకుగా ప్రసిద్ధికెక్కిన సంస్థయు ఏర్పడుటకు ఒప్పందము కుదిరెను. నిధికి నిర్ణయించిన ధనము 880 కోట్ల డాలర్లు. అందు ముఖ్యభాగములు వైటు పథకము ననుసరించినవే. బాంకార్ లేదు; ఋణదాతపై భారమును నామమాత్రమే. కీన్సు తాను న్యాయమని నమ్మిన దానిలో పెక్కు వదలుకొనెను. అయినను ఒంటరిగా నిలిచి మొత్తమును పోగొట్టుకొనుటకంటె, అందరితో కలిసి కొంత సాధించుట మేలని ఆయన ఎంచెను.

ఆ సభలో భారత ప్రతినిధులును ఉండిరి. చింతామణి దేశముఖు, షణ్ముఖం చెట్టి, ఎ. డి. ష్రాఫు వారిలోనివారు. యుద్ధకాలమున మన దేశమునుండి సరకులును, సేవలును తీసికొని, ఇంగ్లండు వాని వెలను లండనులో బాకీగా వ్రాసియుంచెను. ఇచట సరకులు కరవై ధరలు పెరుగగా, అచట మన పేర బాకీ పెరిగెను. యుద్ధాంతమునకు అది వందకోట్ల పౌనులకు మించెను. ఆ బాకీ తీర్చు విషయమున ద్రవ్యనిధి సాయపడవలయునని మనవారు వాదించిరి. కీన్సు అంగీకరింపలేదు, అది ఇంగ్లండు నేరుగా తీర్చుకొను వ్యవహారమని పలికెను. తరువాత ఆ బాకీలో కొంతభాగము రద్దగుటయే మంచిదనియు తలచెను. జర్మనీ బాధను గుర్తించిన వాడు తన దేశము ఋణపడినచోట స్వదేశపక్షమునే వహించెను. ఎంతటి మహనీయునికైనను లోకహితమును, స్వదేశహితమును సరితూచుట కష్టమని ఇందువలన గ్రహింపనగును. మన దేశము తన బాకీని వదలుకొనలేదు. 1947 మొదలు జరిగిన ఒప్పందముల ప్రకారము అది క్రమక్రమముగా మనకు లభించెను.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసెను. అమెరికా అంతవరకు ఇంగ్లండునకు చేయుచున్న యుద్ధసహాయమును ఒక్కసారిగా నిలిపివేసెను. ఇంగ్లండు బొక్కసము శూన్యము. ఆహారము కొనుటకును డాలర్లు లేవు. రోగపీడితుడైన కీన్సు వాషింగ్టనునకు పోయి మూడునెలలు చర్చలు సలిపెను. వడ్డీ లేని ధనమును కోరి వెళ్లినవానికి 375 కోట్ల డాలర్ల అప్పు నూటికి 2 వంతున వడ్డీతో లభించెను. పౌనును ఏడాదిలోపల డాలర్లలోనికి స్వేచ్ఛగా మార్చుకొననీయవలయునను కఠిన నిబంధనయు అందు చేరెను. ఈ అప్పును త్రోసివైచి, సామ్రాజ్య దేశములతో మాత్రమే వర్తకము చేసికొందమని ఇంగ్లండున పలువురు వాదించిరి. 1942లో ప్రభు బిరుదము పొందియున్న కీన్సు, డిసెంబరులో ప్రభువుల సభలో ఆ ఒప్పందమును సమర్థించెను. అది తాను కోరినది కాదని దాచలేదు; దానిని నిరాకరించినచో లోకము మరల ముక్కలగునని వివరించెను. ఒప్పందము ఆమోదింపబడెను. ఆ నిబంధన 1947 జూలైలో అమలులోనికి రాగా అయిదు వారములలోనే డాలర్లు హరించుకొనిపోయెను. నిబంధనను నిలిపివేయవలసి వచ్చెను. ఆ అప్పు చివరి వాయిదా 2006 డిసెంబరు 29వ తేదీన చెల్లెను.

1946 మార్చిలో అమెరికాలోని సవన్నా పట్టణమున నూతన సంస్థల ప్రారంభసభ జరిగెను. సంస్థలు ఏ ఒక్క ప్రభుత్వపు నీడలోను ఉండరాదని కీన్సు కోరిక. వానిని వాషింగ్టనుననే నెలకొల్పుటకు అమెరికా పట్టుపట్టి నెగ్గెను. తిరుగు ప్రయాణమున రైలులో కీన్సు గుండెపోటుతో కూలెను. స్వదేశమునకు చేరి, ఏప్రిల్ 21వ తేదీన టిల్టన్ అను తన పల్లెయింట కన్నుమూసెను. అపుడాయన వయస్సు 62 సంవత్సరములు. వృద్ధులైన తల్లిదండ్రులు లండనున జరిగిన స్మారక ప్రార్థనకు వచ్చి, తమకంటె ముందేగిన కుమారునికి కన్నీటి వీడ్కోలు నొసగిరి.

బ్రెట్టన్ వుడ్సు ఏర్పాటులలో కొన్ని నిలిచెను, కొన్ని పడిపోయెను. 1971 ఆగస్టు 15వ తేదీన అమెరికా ఎవ్వరి సమ్మతియు కోరకయే, డాలరునకు బదులు బంగారమిచ్చు పద్ధతిని నిలిపివేసెను. లోటులు పెరిగిన ఋణదాతయు ఒంటరి మార్గము తొక్కునని లోకమునకు తెలిసెను. నిధియు, బాంకును మాత్రము నేటికిని కలవు. సుమారు 190 దేశము లందు సభ్యత్వము పొందియున్నవి. ఋణదాతయు భారము వహింపవలయునన్న కీన్సు మాట మాత్రము నేటికిని పూర్తిగా నెరవేరలేదు. తన యింటి దీపమును కాపాడుకొనుట ప్రతివానికిని ధర్మమే. కాని గాలి వీచునపుడు ఇరుగుపొరుగువారందరును కలిసి దడి కట్టుకొనినగాని ఏ యింటి దీపమును నిలువదు. ఈ సత్యమును అంకెలలో చూచి, దానికై ప్రాణములు ధారపోసిన వాడు కీన్సు ప్రభువు.